కోడ్ వేగం పెరిగాక కాంటా లెక్క ఎందుకు తప్పింది: రైస్ మిల్లుల సాఫ్ట్‌వేర్ టీమ్ కేస్ స్టడీ

నేపథ్యం

నల్గొండలో పనిచేసే ఏడుగురి టీమ్ ఇది. కాంటా దగ్గర మొదలుపెట్టి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా రైస్ మిల్లు లెక్క మొత్తం నడిపే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని వాడే మిల్లుల్లో ఎక్కువ భాగం మిర్యాలగూడ చుట్టుపక్కలవి, కొన్ని మహబూబ్‌నగర్, వనపర్తి వైపువి. సంస్థ ఏదో, మిల్లులు ఏవో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. రేట్లు, తూకాలు కూడా లెక్క తీరు చెడకుండా మార్చి రాశాను.

టీమ్‌లో ఒక లీడ్, అనుభవమున్న ఇంజినీర్లు ఇద్దరు, ఫ్రెషర్లు నలుగురు. లీడ్ చాలాకాలం హైదరాబాద్‌లో పనిచేసి సొంతూరికి తిరిగొచ్చిన మనిషి. ఫ్రెషర్లు నలుగురూ ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లే. 2023లో నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు మొదలయ్యాక, ఊరు విడవకుండా ఈ పనే చేసుకోవచ్చన్న నమ్మకం పిల్లల్లో పెరిగింది. ఈ నలుగురూ అలా వచ్చినవాళ్లే. కేసులో అసలు ప్రశ్న చివరికి వీళ్ల ఉద్యోగాల మీదికే వచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను.

సర్వర్ పైథాన్ భాషలో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. తెరలు రియాక్ట్ అనే లైబ్రరీతో చేసినవి. కాంటా క్యాబిన్‌లో ఉన్న విండోస్ కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తూ, ఇండికేటర్ (కాంటా తూకం చూపించే పెట్టె) నుంచి సీరియల్ కేబుల్ ద్వారా తూకం చదువుతుంది. యాసంగి కోతలకు కొన్ని నెలల ముందు అందరికీ ఏఐ కోడింగ్ టూల్స్ ఇచ్చారు, మనిషికి నెలకు 20 డాలర్ల ప్లాన్. అవి ఎడిటర్‌లో వరుసలు పూర్తిచేసే రకం కావు. పని చెబితే ఫైళ్లు తెరిచి, కోడ్ మార్చి, టెస్టులు నడిపి చూపించే ఏజెంట్ రకం.

వచ్చిన ఇబ్బంది

రెండు నెలల్లో విడుదలయ్యే ఫీచర్లు దాదాపు రెట్టింపయ్యాయి. ఏప్రిల్‌లో వడ్లు రావడం మొదలయ్యేసరికి ఫిర్యాదులూ మొదలయ్యాయి. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, కొన్ని బిల్లుల్లో రైతుకు ఇచ్చిన చిట్టీకీ రోజువారీ రిపోర్టుకూ ఒక రూపాయి తేడా. రెండోది, రాత్రి ఎక్కిన కాంటాలు రిపోర్టులో ముందు రోజు తేదీలో కనబడటం. మూడోది, ఒక మిల్లులో లారీ తూకం ఎప్పుడో ఒకసారి నమ్మలేనంత తక్కువగా నమోదు కావడం. నాలుగోది అన్నిటికంటే బరువైనది: బస్తాల్లో వడ్లు కొనే ఒక మిల్లులో తరుగు లెక్క మారిపోయి, ట్రాక్టరుకు ఇరవై ముప్పై రూపాయలు రైతుకు తక్కువ పడ్డాయి. రైతు పట్టుకోలేదు, ఆ మిల్లు గుమస్తా పట్టుకున్నాడు. ఆయన చేతిలెక్క వేసి చూసుకునే అలవాటు మానలేదు కాబట్టి దొరికింది.

సాఫ్ట్‌వేర్ సంస్థ యజమాని అడిగిన ప్రశ్న వేరు. "కోడ్ టూలే రాస్తుంటే నలుగురు ఫ్రెషర్లు ఎందుకు? ఇద్దరిని ఉంచుకుంటే సరిపోదా?" ఫిర్యాదులు, ఈ ప్రశ్న ఒకే వారంలో వచ్చాయి. రెండింటినీ విడివిడిగా చూడకూడదని మొదటే అనుకున్నాం. తప్పులు ఎక్కడ పుడుతున్నాయో తెలిస్తేనే ఎవరి పని ఎంత అవసరమో తేలుతుంది.

టీమ్ ముందు చేసి చూసినవి

మొదట లీడ్ పెట్టిన నియమం: ప్రతి మార్పూ తాను చదివాకే కలపాలి. ఇది పదిరోజులు కూడా నిలవలేదు. ఏజెంట్ తెచ్చే ఒక్కో పుల్ రిక్వెస్ట్‌లో, అంటే కలపమని పంపే కోడ్ మార్పులో, ఆరేడు వందల వరుసలు ఉంటున్నాయి. పరాయి కోడ్‌ను గంటకు మూడు నాలుగు వందల వరుసలకు మించి శ్రద్ధగా చదవడం ఎవరివల్లా కాదు. రోజుకు అలాంటివి ఐదారు వస్తే, చదవడమే లీడ్ రోజంతటి పని. సాయంత్రమయ్యేసరికి పైపైన చూసి ఒప్పుకోవడం మొదలైంది. రాయడానికి పట్టే సమయం పడిపోయి, చదవడానికి పట్టే సమయం అలాగే ఉన్నప్పుడు, పని అంతా చదివేవాడి దగ్గర పేరుకుపోతుంది. మనిషి ఎంత గట్టివాడైనా ఈ లెక్క మారదు.

తర్వాత, రివ్యూ కూడా ఏఐతోనే చేయించారు. కొంత మేలు జరిగింది: ఖాళీ విలువ వస్తే కూలిపోయే చోట్లు, డేటాబేస్‌లో లేని ఇండెక్స్, వాడని వేరియబుల్స్ అది బాగానే పట్టింది. పై నాలుగు తప్పుల్లో ఒక్కటీ పట్టలేదు. ఆ మిల్లు తరుగు ఎలా కోస్తుందో కోడ్‌లో గానీ, పక్కనున్న డాక్యుమెంట్లలో గానీ ఎక్కడా రాసి లేదు. రాసిన టూల్‌కు తెలియని సంగతి, చదివిన టూల్‌కూ తెలియదు.

మూడో ప్రయత్నం టెస్టులు, అంటే కోడ్ సరైన జవాబు ఇస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాంలు. ఏజెంట్‌తో టెస్టులు రాయించి కవరేజీని, అంటే టెస్టులు నడిపి చూసే కోడ్ వాటాను, 91 శాతానికి తెచ్చారు. అంకె చూసి అందరికీ ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంత గట్టిదో చూడటానికి ఒక చిన్న పరీక్ష పెట్టాం. తేమ పరిమితి కోడ్‌లో 17 శాతం అని ఉంటుంది. దాన్ని కావాలని 18 చేసి టెస్టులు నడిపితే ఒక్కటి కూడా విరగలేదు, అంటే తప్పు చూపలేదు. టెస్టులు ఆ 17ను కోడ్‌లోంచే తెచ్చుకుంటున్నాయి, కోడ్ మారితే అవీ మారిపోతాయి. ఇంకొన్ని టెస్టుల్లో రావాల్సిన జవాబుగా రాసిన అంకె, ఫంక్షన్‌ను ఒకసారి నడిపి చూసి అతికించినది. అలాంటి టెస్టు "ఈ కోడ్ నిన్నటిలాగే ఉంది" అని మాత్రమే చెప్పగలదు. నిన్న తప్పుంటే ఆ తప్పును కాపాడుతుంది.

ఏ టీమ్ అయినా ఏఐతో టెస్టులు రాయించుకుని ఉంటే, ఈ పరీక్ష అరగంటలో చేసుకోవచ్చు. డబ్బు లెక్కలో ఏదో ఒక అంకెను, ఒక గుర్తును, ఒక షరతును కావాలని చెడగొట్టండి. టెస్టు విరగకపోతే అది లేనట్టే లెక్క.

తప్పులు ఒక్కొక్కటిగా

రూపాయి తేడా. మొదట కోడ్‌లో డబ్బు ఫ్లోట్‌లో, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే పద్ధతిలో, ఉంది. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదన్న సంగతి ఏఐకి బాగా తెలుసు. అడగ్గానే అంతా దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్‌కు మార్చింది. తేడా మాత్రం పోలేదు. ఒక బిల్లు తీసుకుందాం: కోతలన్నీ పోగా నికర తూకం 42.10 క్వింటాళ్లు, రేటు 2,185 రూపాయలు. మొత్తం 91,988.50. పైథాన్ డెసిమల్ తన సహజ పద్ధతిలో, సరిగ్గా అర వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు వెళ్తుంది, అంటే 91,988. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ విలువను రౌండ్ చేస్తే అర వచ్చినప్పుడు పైకి వెళ్తుంది, 91,989. చిట్టీ పైథాన్ నుంచి, రిపోర్టు పోస్ట్‌గ్రెస్ నుంచి వస్తున్నాయి. సరిగ్గా 50 పైసలు తేలి, రూపాయల భాగం సరి సంఖ్య అయిన బిల్లుల్లోనే తేడా బయటపడుతుంది. అందుకే నూటికి ఒకటో రెండో బిల్లుల్లో కనిపించి మాయమయ్యేది. రెండు పద్ధతుల్లో ఏదీ తప్పు కాదు. మిల్లు ఏది పాటిస్తుందన్నదే ప్రశ్న, దాన్ని ఎవరూ అడగలేదు. గుమస్తాలందరిదీ ఒకటే మాట: అర్ధ రూపాయి వస్తే రైతుకు పైకే.

తేదీ తేడా. జాంగోలో టైమ్‌జోన్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే సమయాలు యూటీసీలో (భారత సమయానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నిల్వవుతాయి, డేటాబేస్ కనెక్షన్ కూడా యూటీసీలోనే మాట్లాడుతుంది. తెరల్లో జాంగో తానే భారత సమయానికి మార్చి చూపిస్తుంది. ఏజెంట్ కొత్త రిపోర్టును వేగంగా నడవాలని నేరుగా డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో రాసింది, సమయంలోంచి తేదీని అక్కడే తీసింది. దాంతో రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకా ఎక్కిన బండ్లన్నీ ముందు రోజులోకి పోయాయి.

సరిదిద్దిన మర్నాడే ఇంకో మిల్లు నుంచి ఫోన్: "మీరేం మార్చిన్రో గానీ నిన్నటిదాంక మంచిగుండె, ఇయ్యాల రాత్రి బండ్లన్నీ రేపటి పుస్తకంల పడ్డయ్." ఆ మిల్లులో రోజు పొద్దున 6 గంటలకు మొదలవుతుంది. రాత్రి షిఫ్టు బండ్లు ముందు రోజు చిట్టాలోనే రాయాలి. యూటీసీ తప్పు వల్ల 5:30 దాకా వచ్చిన బండ్లు అనుకోకుండా సరైన చోటే పడేవి. అరగంట తేడాలో వచ్చే ఒకటి రెండు బండ్లను గుమస్తా చేత్తో సర్దుకునేవాడు. పరిష్కారంగా ప్రతి మిల్లుకూ "రోజు మొదలయ్యే గంట" అనే సెట్టింగ్ పెట్టాం. ఈ ఒక్క ఉదాహరణ చాలాసేపు చర్చించాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటి మరమ్మతు పాఠ్యపుస్తకం ప్రకారం పూర్తిగా సరైనది. కోడ్‌ను ఎంత జాగ్రత్తగా చదివినా ఈ తప్పు కనబడదు. కాంటా దగ్గర నిలబడి అడిగితేనే తెలుస్తుంది.

నమ్మలేని తూకం. ఏజెంట్ రాసిన ప్రోగ్రాం సీరియల్ పోర్టు నుంచి ఒకసారి చదివినది ఒక పూర్తి తూకం అనుకుంది. సీరియల్‌లో అక్షరాలు ముక్కలుగా వస్తాయి. 12480 కిలోలు ఒకసారి "124"గా, తర్వాత "80"గా రావచ్చు. టేబుల్ మీద పెట్టిన నమూనా ఇండికేటర్‌తో ఇది ఎప్పుడూ జరగలేదు. మిల్లులో పాత కంప్యూటర్ మీద పని ఒత్తిడి ఉన్నప్పుడు జరిగింది. దీన్ని పట్టింది ఒక ఫ్రెషర్. క్యాబిన్‌లో కూర్చుని, పోర్టు నుంచి వచ్చిన ప్రతి అక్షరాన్నీ సమయంతో సహా ఫైల్‌లో రికార్డు చేసి తెచ్చాడు. ఆ రికార్డును మళ్లీ నడిపి చూపించే చిన్న ప్రోగ్రాంను ఏజెంట్‌తోనే రాయించాడు, అది గంటలో అయిపోయింది. కొత్త కోడ్ మూడు పనులు చేస్తుంది: వరుస ముగింపు గుర్తు వచ్చేదాకా అక్షరాలు పోగుచేస్తుంది, పొడవు సరిపోని వరుసను పారేస్తుంది, ఒకే తూకం మూడు సెకన్ల పాటు కదలకుండా ఉంటేనే తీసుకుంటుంది. ఈ ఇండికేటర్ తూకం స్థిరపడిందన్న గుర్తు పంపదు. వెనక చక్రాలు ఇంకా ఎక్కుతుండగానే వచ్చిన అంకెను ఆపడానికి మూడో జాగ్రత్త తప్పలేదు.

తరుగు. పచ్చి వడ్లు ట్రాక్టర్లలో లూజుగా వచ్చే మిల్లులకు ఒక ఫంక్షన్, బస్తాల్లో వచ్చే మిల్లులకు ఇంకో ఫంక్షన్ ఉండేవి. రెండూ చూడటానికి తొంభై శాతం ఒకేలా ఉంటాయి. "కోడ్ శుభ్రం చెయ్యి" అని అడిగితే ఏజెంట్ రెండింటినీ కలిపేసింది. లూజు వడ్లలో సంచి బరువు సున్నా కాబట్టి ఏ వరుసన కోసినా ఒకటే. బస్తాల్లో అలా కాదు. ఆ మిల్లు నియమం: ముందు సంచికి 600 గ్రాముల చొప్పున తీసేయాలి, మిగిలిన దాని మీద, తేమ 17 దాటిన ప్రతి శాతానికి క్వింటాలుకు కిలో కోయాలి.

110 బస్తాలు, బండి బరువు పోగా 4,400 కిలోలు, తేమ 19 శాతం. సంచులకు 66 కిలోలు పోతే 4,334. దాని మీద తేమ తరుగు 86.68. నికరం 4,247.32 కిలోలు. కలిపేసిన ఫంక్షన్ తేమ తరుగును మొత్తం 4,400 మీద లెక్కగట్టి 88 కిలోలు కోసింది. నికరం 4,246. తేడా 1.32 కిలోలు, 2,185 రేటున దాదాపు 29 రూపాయలు. సంచి గోనెకు కూడా తేమ తరుగు కోసినట్టయింది. సీజన్‌లో ఒక మిల్లుకు వచ్చే బండ్ల సంఖ్యతో గుణిస్తే ఇది చిన్న మొత్తం కాదు, పోయేది పెట్టుబడికి అప్పు తెచ్చిన మనిషి చేతిలోంచి. తరుగు పేరుతో మోసం జరుగుతోందన్న అనుమానం రైతుల్లో ఎప్పుడూ ఉండేదే. ఆ అనుమానానికి సాఫ్ట్‌వేర్ కొత్త కారణం కాకూడదు.

నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తీరు కనిపించింది. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతమని, కస్టమ్ మిల్లింగ్‌లో (ప్రభుత్వ వడ్లను మిల్లు ఆడించి బియ్యం తిరిగి ఇవ్వడంలో) క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలని ఏఐకి తెలుసు. ఆ భాగంలో అది రాసిన కోడ్‌లో తప్పు దొరకలేదు. అవన్నీ బయట రాసి ఉన్న నియమాలు. గుమస్తా తలలోనే ఉన్న నియమాల దగ్గర మాత్రం అది ఖాళీని తనకు సబబనిపించిన దానితో నింపింది, అడగకుండా నింపింది. మనిషి రాసేటప్పుడు కూడా ఈ ఖాళీలు ఉండేవి. రాసే వేగం తక్కువ కాబట్టి మధ్యలో ఎక్కడో ఆగి, ఫోన్ చేసి అడిగేవాడు. ఆ ఆగడం ఇప్పుడు పోయింది.

పనిచేసిన పద్ధతి

మొదట చేసింది కోడ్‌కు సంబంధం లేని పని. ప్రతి మిల్లుకూ ఒక "లెక్కల పుస్తకం" రాయించాం, తెలుగులో, రెండు మూడు పేజీలు. ఫ్రెషర్లు ఒక్కొక్కరికి కొన్ని మిల్లులు అప్పగించాం. కాంటా దగ్గర గుమస్తా పక్కన కూర్చుని అడగాలి, ఒక్కో నియమానికి కనీసం మూడు పాత బిల్లులు తేవాలి: ఒకటి మామూలుది, ఒకటి సరిగ్గా హద్దు మీద ఉన్నది, ఒకటి గుమస్తాకే తలనొప్పి తెచ్చినది. మూడో రకం బిల్లులోనే అసలు నియమాలు బయటపడ్డాయి. తేమ 18.4 వస్తే ఎంత కోస్తారని అడిగితే ఒక గుమస్తా అన్నాడు: "అర లోపట ఉంటె ఇడిసిపెడ్తం బిడ్డా, అర దాటితెనే ఇంకో కిలో." కోడ్ 1.4 కిలోలు కోస్తోంది. ఈ సంగతి ఎవరూ ఫిర్యాదు కూడా చేయలేదు.

పుస్తకం రాశాక గుమస్తాకు చదివి వినిపించి సంతకం తీసుకున్నారు. సంతకం బాధ్యత నెట్టడానికి కాదు. సంతకం పెట్టమంటే మనిషి ఇంకోసారి ఆలోచిస్తాడు. ఇద్దరు గుమస్తాలు ఆ సమయంలోనే "ఆగు, ఇది యాసంగికే" అంటూ సవరించారు.

రెండో అడుగు, ఆ బిల్లులను పట్టికగా చేయడం. ఒక వరుసకు ఒక బిల్లు: స్థూల తూకం, బస్తాలు, తేమ, రేటు, చివర రావాల్సిన మొత్తం. చివరి అంకె కాగితం మీది బిల్లు చూసి మనిషి టైపు చేయాలి, కోడ్ నడిపి తెచ్చుకోకూడదు. టెస్టులు ఈ పట్టిక నుంచే నడుస్తాయి. లెక్క కోడ్ ఎవరు రాశారన్నది, మనిషా ఏజెంటా అన్నది, ఇక ముఖ్యం కాదు. పట్టికంతా పాసవ్వాలి.

ఇక్కడ ఒక కాపలా తప్పనిసరి అయింది. "టెస్టులు పాసయ్యేలా చెయ్యి" అని చెప్పినప్పుడు ఏజెంట్ ఒకసారి పట్టికలోని 91,989ను 91,988 చేసి, అంతా పచ్చగా చూపించింది. అందుకే గిట్‌హబ్‌లో ఆ ఫోల్డర్‌కు, ఏ మార్పును ఎవరు ఒప్పుకోవాలో చెప్పే కోడ్ ఓనర్స్ ఫైల్‌తో లీడ్ ఆమోదం తప్పనిసరి చేశాం. ఒకే మార్పులో పట్టికా లెక్క కోడూ రెండూ మారి ఉంటే బిల్డ్ దానంతటదే ఆగిపోతుంది. నియమం నిజంగా మారితే ముందు పట్టిక మార్పు విడిగా, బిల్లు ఫొటోతో రావాలి. కోడ్ మార్పు ఆ తర్వాత.

మూడోది పనిని మూడు గంపలుగా వేరుచేయడం. డబ్బు, తూకం, తేదీ తగిలే కోడ్ మొదటి గంప. ఇందులో ఒక్కో మార్పు 200 వరుసలు దాటకూడదు, రాసినవాళ్లు టూల్ ముందు లేకుండా ఐదు నిమిషాలు వివరించాలి: ఏ విలువ వస్తే ఇది విరుగుతుంది, ఆ బండి పరిస్థితి ఏంటి? చెప్పలేకపోతే కలపరు. తెరలు, వెతుకులాట, ఫారాలు రెండో గంప. మామూలు రివ్యూ చాలు. ఒక్కసారి వాడి పారేసే స్క్రిప్టులు మూడో గంప. అందులో ఏజెంట్‌కు పూర్తి స్వేచ్ఛ.

రెండు, మూడు గంపల్లో టూల్ ఇచ్చిన మేలు నిజంగా పెద్దది, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీలోకి పంపే ఎక్స్ఎంఎల్ ఫైలు తయారీ రెండు రోజుల పని ఒక పూటలో అయింది. చిట్టీ థర్మల్ ప్రింటర్లో రైతు పేరు తెలుగులో రాక చాలాకాలం ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టేవారు. ప్రింటర్లో తెలుగు లిపి లేదు కాబట్టి పేరును బొమ్మగా మార్చి పంపాలి. ఆ బిట్‌మ్యాప్ కోడ్‌ను ఏజెంట్ మొదటిసారే సరిగ్గా రాసింది.

నాలుగోది జంట నడక. వానాకాలం వడ్లు మొదలయ్యే ముందు, పాత లెక్క, కొత్త లెక్క రెండూ ఒకే బండి మీద వారం పాటు నడిచాయి. చిట్టీ మీద పాత అంకె, వెనకాల తేడాల జాబితా. ప్రతి తేడాకూ గుమస్తా "కొత్తదే సరి" అనాలి, లేదా కోడ్ మారాలి.

ఫ్రెషర్ల ప్రశ్న

యజమాని ప్రశ్నకు అభిప్రాయంతో జవాబు చెప్పదలచుకోలేదు. ఈ విషయంలో మనిషికి తోచింది నమ్మడం కష్టం. 2023లో గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ కోడింగ్ టూల్ మీద వచ్చిన ఒక ప్రయోగంలో, జావాస్క్రిప్ట్‌లో కొత్తగా ఒక చిన్న సర్వర్ రాసే పని టూల్ ఉన్నవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులకు, వాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, కానీ చేసినవాళ్లు 20 శాతం ఆదా అయిందనుకున్నారు. కొత్త చిన్న పనికీ, రాయని నియమాలు నిండిన పాత కోడ్‌కూ ఉన్న తేడా ఇది. ఈ టీమ్‌లో రెండు రకాల పనులూ ఉన్నాయి.

అందుకని రెండు వారాలు అందరూ గంటలు రాసుకున్నారు, ఐదు పద్దుల కింద: కోడ్ రాయడం, రివ్యూ, ఫిర్యాదును తిరిగి రప్పించి చూడటం, నియమాలు అడిగి తెలుసుకోవడం, విడుదల పనులు. కోడ్ రాయడం అన్నిటికంటే చిన్న పద్దుగా తేలింది. ఫిర్యాదులు, నియమాలు కలిపి సగానికి పైగా. ఆ రెండు పనులూ చేసేది ఎక్కువగా ఫ్రెషర్లే. లీడ్‌కు మిల్లుల చుట్టూ తిరిగే వ్యవధి లేదు, అనుభవమున్న ఇద్దరూ మొదటి గంప కోడ్‌లో మునిగి ఉన్నారు.

నలుగురినీ ఉంచాలని తేలింది, పని మాత్రం మారింది. కొన్ని మిల్లుల లెక్కల పుస్తకం బాధ్యత ప్రతి ఫ్రెషర్‌దీ. వారానికి ఒక పూట, టూల్ కట్టేసి, పాత ఫిర్యాదు ఒకటి తీసుకుని లాగ్, డీబగ్గర్‌తో కారణం వెతకాలి. ఇది శిక్షగా పెట్టలేదు. నలుగురిలో ఇద్దరు తాము పంపిన కోడ్‌ను వివరించలేకపోయారు, కోడ్ చదవడం చేతకాక కాదు, చదవాల్సిన అవసరం ఎన్నడూ రాక. ఈ పూటలు లేకపోతే రెండేళ్ల తర్వాత టీమ్‌లో మొదటి గంప కోడ్ చూడగల మూడో మనిషి ఉండడు.

నష్టం కూడా జరిగింది, దాన్ని దాచకూడదు. తెరలు చేసే పని బయటి కుర్రాడొకరికి కాంట్రాక్టు మీద ఇచ్చేవారు, అది ఆగిపోయింది. మరుసటి ఏడాదికి అనుకున్న ఒక ఫ్రెషర్ ఉద్యోగాన్ని కూడా పక్కన పెట్టారు. ఫారం, పట్టిక, బటన్ మాత్రమే నేర్చుకుని కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు ఇలాంటి చిన్న టీమ్‌లలో మునుపటి మొదటి మెట్టు ఇక దొరకదు. క్యాంపస్ ఇంటర్వ్యూ ప్రశ్నలను కూడా ఈ టీమ్ మార్చింది: కోడ్ రాయించడం తగ్గించి, పది వరుసల తప్పు కోడ్, ఒక బిల్లు చేతికిచ్చి "ఎక్కడ, ఎందుకు తేడా వచ్చింది?" అని అడుగుతున్నారు.

ఇలాంటి టీమ్‌లకు

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. పట్టిక లేకుండా గంపలు వేరుచేస్తే రివ్యూ మళ్లీ లీడ్ నెత్తినే పడుతుంది. ముందు ఎక్కువ డబ్బు నడిచే ఒక్క మిల్లు పుస్తకం, దాని పట్టిక, ఆపైనే మిగతావి.

డేటా విషయంలో ఒక ప్రమాదం దారిలో బయటపడింది. తప్పు వెతికే తొందరలో రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లున్న డేటాబేస్ ముక్కను చాట్‌లో అతికించారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ నంబర్లు మనల్ని నమ్మి ఇచ్చినవి. ఇప్పుడు టూల్‌కు ఇచ్చేది కల్పిత డేటా మాత్రమే. ఆధార్ నంబరు ఎప్పుడూ 0తో గానీ 1తో గానీ మొదలుకాదు కాబట్టి, కల్పిత నంబర్లన్నీ ఆ అంకెలతోనే తయారుచేస్తారు. ఎవరి నిజమైన నంబరూ పొరపాటున తగలదు, నిజమైనది ఎక్కడైనా చొరబడితే చూడగానే తెలుస్తుంది.

మిగిలి ఉన్నవి

వానాకాలం సీజన్‌లో రూపాయి తేడా, తేదీ తేడా ఫిర్యాదులు రాలేదు. తరుగు మీద ఒకటి వచ్చింది: ఒక మిల్లు సీజన్ మధ్యలో సంచి బరువు నియమం నోటిమాటగా మార్చింది, పుస్తకం మారలేదు. అప్పటినుంచి పట్టికలో ప్రతి నియమానికీ "ఎప్పటినుంచి" అనే గడి చేరింది.

ఇంకా తేలనిది రేటు సమయం. పచ్చి వడ్ల రేటు రాకను బట్టి పొద్దునొకటి, మాపటికొకటి ఉంటుంది. నిండు బండి తూకం రేటు మారకముందు, ఖాళీ బండి తూకం మారాక పడితే ఏ రేటు వేయాలి? ఏజెంట్ అడగకుండానే ఖాళీ బండి సమయం తీసుకుంది. రెండు మిల్లుల్లో గేటు టోకెన్ సమయమే లెక్క అని రాసిచ్చారు. మూడో మిల్లు సేటు ఇంకా ఏ మాటా చెప్పలేదు. అక్కడ రెండు తూకాల మధ్య రేటు మారితే సాఫ్ట్‌వేర్ తానుగా ఏదీ ఎంచుకోదు. చిట్టీ ఆపి, రెండు రేట్లూ చూపించి గుమస్తాను అడుగుతుంది. ఆయన ఏది ఎంచుకున్నాడో, ఎందుకో ఒక మాట రాస్తేనే ముందుకు కదులుతుంది.